మోడల్‌ 100కి తగిలించుకునేవి: పదకొండేళ్ల వాడకం తర్వాత

టీఆర్‌ఎస్‌-80 మోడల్‌ 100 అనే పాత పోర్టబుల్‌ కంప్యూటర్‌ నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ కంప్యూటర్‌ని విప్పి బాగుచేయాల్సి వచ్చింది రెండుసార్లే. దానికి తగిలించుకునే డిస్క్‌ డ్రైవ్‌ని, రోమ్‌ చిప్పుల్ని (ప్రోగ్రాములు శాశ్వతంగా రాసి ఉంచిన చిప్పులు), కేబుళ్లని మాత్రం ఎన్నిసార్లు ముందేసుకుని కూర్చున్నానో లెక్కలేదు. అందుకే కంప్యూటర్‌ గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతాదంతా వాటి గురించే రాస్తున్నాను. పాత పోర్టబుల్‌ కంప్యూటర్‌ తీసుకునేవాళ్లు అది వెలుగుతోందా, కీబోర్డు పనిచేస్తోందా అన్నది చూసుకుంటారు. దాని వెంట రావలసినవన్నీ వచ్చాయా అన్నది ఇంటికి తెచ్చుకున్నాక గానీ తట్టదు. నాకూ అప్పుడే తట్టింది.

1983లో టాండీ సంస్థ తన రేడియో షాక్‌ దుకాణాల ద్వారా అమ్మిన యంత్రం ఇది. తయారుచేసింది జపాన్‌కి చెందిన క్యోసెరా. అదే నమూనా మీద ఎన్‌ఈసీ పీసీ-8201, ఒలివెట్టి ఎం10 కూడా వచ్చాయి. 2.4 మెగాహెర్ట్జ్‌ వేగంతో నడిచే 80సి85 ప్రాసెసర్‌, వరుసకు 40 అక్షరాల చొప్పున 8 వరుసలు చూపించే తెర, పూర్తి సైజు కీబోర్డు, నాలుగు పెన్సిల్‌ బ్యాటరీలతో దాదాపు 20 గంటల పని. స్విచ్‌ వేసిన మరుక్షణం రాసుకోవడం మొదలుపెట్టవచ్చు. తెలుగు లిపి ఆ తెర మీద రాదు కాబట్టి ఇంగ్లిష్‌ అక్షరాల్లోనే తెలుగు కొట్టుకుని, తర్వాత పెద్ద కంప్యూటర్‌లో మార్చుకుంటాను. సంవత్సరం ముందు ‘19’ అన్న అంకె రోమ్‌లోనే స్థిరంగా ఉండిపోయింది కాబట్టి ఏ ఏడాది పెట్టినా గత శతాబ్దమే చూపిస్తుంది. దానివల్ల నా పనికి ఏ ఇబ్బందీ రాలేదు.

ముందు మెమరీ సంగతి. ఈ యంత్రాన్ని 8కే (కే అంటే కిలోబైటు), 24కే మెమరీలతో అమ్మేవారు, 32కే దాకా పెంచుకోవచ్చు. పెంచాలంటే వెనుక నాలుగు స్క్రూలు విప్పి, లోపలి సాకెట్లలో 8కే మాడ్యూళ్లు పెట్టాలి. అవి ఈ యంత్రం కోసమే చేసినవి. చూడటానికి మామూలు మెమరీ చిప్పుల్లా ఉన్నా కాళ్ల అమరిక వేరు, కాబట్టి ఎక్కడో దొరికిన చిప్పు తెచ్చి గుచ్చితే కుదరదు. నాది 24కే యంత్రం. నాలుగో మాడ్యూల్‌ దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. పెట్టాక తేడా తెలిసింది: ఒక పొడవైన వ్యాసం, ఇంకో వ్యాసం తాలూకు నోట్సు, బేసిక్‌ భాషలో రాసుకున్న ఒక చిన్న ప్రోగ్రామ్‌ పక్కపక్కనే పట్టాయి. అంతకుముందు ఏదో ఒకటి చెరిపేయాల్సి వచ్చేది.

ఇక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది. ఈ యంత్రంలో రాసినదంతా ర్యామ్‌లోనే, అంటే కరెంటు అందుతున్నంతసేపే నిలిచే మెమరీలోనే ఉంటుంది. పెన్సిల్‌ బ్యాటరీలు తీసేసినా అది చెరిగిపోకుండా లోపల బోర్డుకి సోల్డర్‌ చేసిన చిన్న నికెల్‌-కాడ్మియం బ్యాటరీ కాపాడుతుంది. మెమరీ ఎంత ఎక్కువ పెట్టుకుంటే ఆ బ్యాటరీ అన్ని తక్కువ రోజులు నిలబెడుతుంది. ఈ లెక్క నాకప్పుడు తెలియదు. మెమరీ పెంచిన నెలలోపే ఒక ప్రయాణం నుంచి తిరిగొచ్చి చూస్తే యంత్రం ఖాళీగా ఉంది. మూడు వ్యాసాల చిత్తుప్రతులు పోయాయి. అసలు కారణం విప్పి చూశాక బయటపడింది. ఆ పాత బ్యాటరీ కారి, చుట్టూ ఆకుపచ్చ పొర కట్టి, పక్కనున్న రాగి దారిని తినేయడం మొదలుపెట్టింది. వెనిగర్‌ అద్దిన దూదితో తుడిచి, ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో కడిగి, 3.6 వోల్టుల నికెల్‌ మెటల్‌ హైడ్రైడ్‌ బ్యాటరీ పెట్టాను. ఆ సర్క్యూట్‌ బ్యాటరీకి ఛార్జింగ్‌ ఇస్తూ ఉంటుంది కాబట్టి లిథియం బిళ్ల బ్యాటరీని నేరుగా అక్కడ అతికించకూడదు. ఎవరైనా ఈ యంత్రం తెచ్చుకుంటే మొదటిరోజే విప్పి చూడాల్సింది ఈ బ్యాటరీనే. నా రెండో మరమ్మతు కెపాసిటర్లది. ఎలక్ట్రోలైటిక్‌ కెపాసిటర్లు కారి, సోల్డరింగ్‌ ఐరన్‌ తగలగానే చేపల వాసన కొట్టాయి. అన్నీ మార్చేశాను, తెర మళ్లీ స్పష్టంగా వచ్చింది.

ఇక అసలు విషయం, టాండీ పోర్టబుల్‌ డిస్క్‌ డ్రైవ్‌. తయారీ బ్రదర్‌ సంస్థది, వాళ్లు ఎఫ్‌బీ-100 అనే పేరుతో కూడా అమ్మారు. సీరియల్‌ పోర్టుకి తగిలించుకునే మూడున్నర అంగుళాల డ్రైవ్‌ ఇది, బ్యాటరీలతోనూ నడుస్తుంది. ఒక్కో డిస్క్‌లో 100కే పడుతుంది: 40 ట్రాకులు (డిస్క్‌ మీది గుండ్రటి వరుసలు), ట్రాకుకి రెండు సెక్టార్లు (ముక్కలు), సెక్టార్‌కి 1280 బైట్లు. యంత్రం మొత్తం మెమరీ 32కే అయినప్పుడు ఒక డిస్క్‌ అంటే మూడు యంత్రాల సరుకు. ఇవాళ్టి లెక్కలో ఎంత చిన్నదైనా, ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడు అది పెద్ద గోదాములాగే అనిపిస్తుంది. వేగం తక్కువే. ఒక వ్యాసం సేవ్‌ చేసేటప్పుడు మోటారు తిరగడం, డిస్క్‌ మీద రాసే హెడ్‌ టకటక జరగడం వింటూ కూర్చోవాలి. నాకు అది ఇష్టం. పని నిజంగా డిస్క్‌ మీదికి ఎక్కుతోందని చెవికి తెలుస్తుంది.

నా చేతికి వచ్చినప్పుడు మాత్రం అది తిరగలేదు. అమ్మినాయన పనిచేస్తోందనే చెప్పాడు. లైటు వెలుగుతోంది కాబట్టి అలా అనుకుని ఉంటాడు. విప్పితే మోటారుకీ, డిస్క్‌ని తిప్పే చక్రానికీ మధ్య ఉండే రబ్బరు బెల్టు కరిగి నల్లటి తారులా అయిపోయి ఉంది. ఈ డ్రైవ్‌లన్నింటికీ వచ్చే జబ్బు ఇది. వాడకుండా పెట్టెలో దాచినా కరుగుతుంది, ఎందుకంటే ఆ రబ్బరు కాలంతోపాటు దానంతట అదే విచ్చిపోతుంది. ఆ తారుని తీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ముందు టూత్‌పిక్‌తో ముద్దలు ముద్దలుగా లాగాలి, తర్వాత ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో చక్రాల గాడుల్లోంచి తుడవాలి. ఒక్క చుక్క హెడ్‌ మీద పడినా ప్రమాదమే కాబట్టి హెడ్‌ మీద కాగితం కప్పి ఉంచాను. కొత్త బెల్టు కొలత కోసం చక్రాల చుట్టూ దారం తిప్పి కొలిచి, దానికన్నా కొంచెం తక్కువ చుట్టుకొలత ఉన్నది తెప్పించాను. మరీ బిగుతుగా ఉంటే మోటారు మీద భారం పడుతుంది, వదులుగా ఉంటే వేగం నిలకడగా ఉండదు. నా మొదటి బెల్టు వదులైంది. ఫైళ్లు రాసేది, మరునాడు చదవలేకపోయేది. రెండో బెల్టుతో ఏడేళ్లుగా నడుస్తోంది.

డిస్క్‌ల విషయంలో ఒక జాగ్రత్త. దీనికి 720కే రకం డబుల్‌ డెన్సిటీ డిస్క్‌లే కావాలి. 1.44 ఎంబీ డిస్క్‌ మొదట పనిచేసినట్టే ఉంటుంది గానీ, దాని అయస్కాంత పూత వేరు కాబట్టి అందులో రాసింది నిలుస్తుందన్న నమ్మకం ఉండదు.

బెల్టు బాగయ్యాక కూడా ఆ డ్రైవ్‌ మరో నాలుగు నెలలు ఊరికే కూర్చుంది, ఎందుకంటే కేబుల్‌ లేదు. డ్రైవ్‌ వైపు చివర దాని సొంత రకం కనెక్టర్‌, కాబట్టి మామూలు సీరియల్‌ కేబుల్‌ సరిపోదు. కేబుల్‌ దొరికాక యుటిలిటీ డిస్క్‌ లేదని తేలింది. మోడల్‌ 100 రోమ్‌లో ఈ డ్రైవ్‌తో మాట్లాడే ప్రోగ్రామ్‌ లేదు. ముందుగా ఆ ప్రోగ్రామ్‌ని యంత్రంలోకి ఎక్కించుకోవాలి, అదేమో డిస్క్‌లో ఉంటుంది. డిస్క్‌లోంచి తీయడానికి ఒక చిన్న బేసిక్‌ ప్రోగ్రామ్‌ చేత్తో కొట్టాలి, అది మాన్యువల్‌లో ఉంటుంది. అంటే డ్రైవ్‌, కేబుల్‌, డిస్క్‌, మాన్యువల్‌ నాలుగూ కలిసి ఉంటేనే అది డ్రైవ్‌. ఒక్కటి తప్పిపోయినా మిగతా మూడూ అలంకారానికే పనికొస్తాయి. కంప్యూటర్‌ విషయం వేరు, అది ఒంటరిగా ఎన్ని చేతులు మారినా కంప్యూటరే. వీటిని చేతులు మారేటప్పుడు విడదీసేస్తారు. కేబుల్‌ ఎక్కడో తీగల పెట్టెలో పడుతుంది, మాన్యువల్‌ పాత కాగితాల్లో పోతుంది. ఎన్ని మంచి డ్రైవ్‌లు ఇలా మూగబోయి ఉంటాయో తలుచుకుంటే బాధేస్తుంది. ఇప్పుడు నా దగ్గర నాలుగూ ఒకే పెట్టెలో ఉంటాయి, ఏది దేనికో రాసిన కాగితం పెట్టె మూత లోపల అంటించి ఉంటుంది. ఆ కేబుల్‌లో ఏ పిన్ను ఎక్కడికి వెళ్తుందో మల్టీమీటర్‌తో కొలిచి బొమ్మ గీశాను. ఆ బొమ్మ చూసి ఇద్దరు మిత్రులు తమ కేబుళ్లు తామే చేసుకున్నారు.

పాత డిస్క్‌లలో ఉన్నది బయటికి తీయడం ఇంకో పని. ఈ ఫార్మాట్‌ని మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్‌ చదవలేదు. అన్నిటికన్నా తేలిక దారి ఈ డ్రైవ్‌నే నేరుగా పీసీ సీరియల్‌ పోర్టుకి తగిలించి, లైనక్స్‌లో నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్‌ (బాష్‌ స్క్రిప్టు) సాయంతో డిస్క్‌ మొత్తాన్ని సెక్టార్‌ తర్వాత సెక్టార్‌గా ఇమేజ్‌ (అచ్చు నకలు) తీయడం. నా దగ్గరున్న ఇరవై ఆరు డిస్క్‌లలో ఇరవై మూడు పూర్తిగా వచ్చాయి. రెండింటిలో కొన్ని సెక్టార్లు పోయాయి, ఒకదాని మీద బూజు పట్టి ఉంది కాబట్టి డ్రైవ్‌లో పెట్టే సాహసం చేయలేదు. ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదా అని మొదట్లో అనుకునేవాణ్ని. చాలదు. యుటిలిటీ డిస్క్‌లాంటి వాటిలో ఫైళ్ల జాబితాలో కనిపించని భాగాలు కూడా ఉంటాయి, అవి లేకపోతే కొత్తగా చేసిన డిస్క్‌ పనిచేయదు.

తర్వాత ఆప్షన్‌ రోమ్‌. యంత్రం అడుగున చిన్న మూత తీస్తే ఒక సాకెట్‌ కనిపిస్తుంది. అందులో ఒక రోమ్‌ పెడితే కొత్త ప్రోగ్రాములు వస్తాయి, ర్యామ్‌ దాదాపు తినకుండానే. ట్రావెలింగ్‌ సాఫ్ట్‌వేర్‌ వాళ్ల టీఎస్‌-డాస్‌ పెట్టుకుంటే పైన చెప్పిన డ్రైవ్‌ ప్రోగ్రామ్‌ని ఎక్కించే బాధంతా పోతుంది. పీసీఎస్‌జీ వాళ్ల లూసిడ్‌ పెట్టుకుంటే స్ప్రెడ్‌షీట్‌ వస్తుంది. రోమ్‌ని యంత్రం గుర్తించాలంటే బేసిక్‌లోకి వెళ్లి ‘కాల్‌ 63012’ అని కొట్టాలి. పదకొండేళ్లలో ఆ అంకె నాకు సొంత ఫోన్‌ నంబర్‌లా అయిపోయింది. టీఎస్‌-డాస్‌ నేను రోజూ వాడతాను, లూసిడ్‌ నెలకోసారి లెక్కలకు. ఎనిమిది వరుసల తెర మీద స్ప్రెడ్‌షీట్‌ ఎంత ఇరుకో చెప్పనక్కర్లేదు, అయినా దాని వేగం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ సాకెట్‌తో నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదు. అది మామూలు చిప్పు సాకెట్‌ కాదు. పలుచటి ప్లాస్టిక్‌ తొడుగులో అమర్చిన చిప్పుని పక్కల నుంచి సన్నటి రేకులు పట్టుకుంటాయి. కాళ్ల అమరిక కూడా 27సి256 అనే మామూలు రోమ్‌ చిప్పుతో కలవదు. నేను ఒక అడాప్టర్‌ బోర్డుకి మందమైన పిన్నులు అతికించి బలవంతంగా నొక్కాను. రెండు రేకులు వంగిపోయాయి. భూతద్దం పెట్టుకుని, సూదితో ఒక్కో రేకుని పైకి లేపితే మళ్లీ పట్టు దొరికింది గానీ, ఆ రోజు పడ్డ టెన్షన్‌ మరచిపోలేను. ఇప్పుడు అంచులకే లోహపు పూత ఉండే పలుచటి బోర్డులు, వాటికి త్రీడీ ప్రింట్‌ చేసిన తొడుగులు వస్తున్నాయి. అవే వాడాలి. గాజు కిటికీ ఉన్న ఈప్రోమ్‌ (చెరిపి మళ్లీ రాసుకోగల రోమ్‌) అయితే ఆ కిటికీ మీద వెలుతురు దూరని లేబుల్‌ తప్పకుండా అంటించాలి, వెలుతురుకి లోపలి డేటా నెమ్మదిగా చెరిగిపోతుంది. నా చేతికి వచ్చిన ప్రతి రోమ్‌నీ యంత్రంలో పెట్టే ముందే చదివి ఫైల్‌గా దాస్తాను. ఒకసారి చదివి ఊరుకోను, మూడుసార్లు చదివి మూడూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూస్తాను. అరిగిన చిప్పు ఒక్కోసారి ఒక్కోలా చదవబడుతుంది.

కొత్తగా తయారవుతున్నవాటిలో నా యంత్రంలో శాశ్వతంగా ఉండిపోయింది రెక్స్‌ అనే చిన్న బోర్డు. ఆప్షన్‌ రోమ్‌ సాకెట్‌లోనే కూర్చుంటుంది. చాలా రోమ్‌లని లోపల ఫ్లాష్‌ మెమరీలో దాచుకుని, మెనూలోంచి కావలసినదానికి మారనిస్తుంది, ర్యామ్‌ మొత్తాన్ని కూడా బ్యాకప్‌ తీసిపెడుతుంది. ఆ మూడు వ్యాసాలు పోయిన రోజున ఇది ఉండి ఉంటే ఒక్క బటన్‌తో తిరిగి వచ్చేవి. డ్రైవ్‌ బదులుగా లాడీఆల్ఫా అనే ప్రోగ్రామ్‌ వాడతాను. పీసీలో నడుస్తూ అసలు డ్రైవ్‌లా నటిస్తుంది, ఫైళ్లు నేరుగా పీసీ ఫోల్డర్‌లో పడతాయి. ఇక్కడ మామూలు నల్‌ మోడెమ్‌ కేబుల్‌ (రెండు కంప్యూటర్లని నేరుగా కలిపే సీరియల్‌ కేబుల్‌) చాలు. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్‌ బోర్డు, ఎస్‌డీ కార్డుతో ఇదే పని చేసే చిన్న పరికరం కూడా ఒకటి చేసుకున్నాను, ప్రయాణాలకి అది.

రోజువారీ పనికి ఇవే మేలని నిస్సంకోచంగా చెబుతాను. అలాగని అసలు డ్రైవ్‌ని అటకెక్కించలేదు. ఈ అనుకరణలు సరిగ్గా ప్రవర్తిస్తున్నాయో లేదో తేల్చగలిగేది అసలు డ్రైవే, ఇంకా ఇమేజ్‌ తీయని పాత డిస్క్‌లని చదవగలిగేదీ అదే. అందుకే రెండు నెలలకోసారి దాన్ని పది నిమిషాలు నడుపుతాను, బ్యాటరీలు మాత్రం లోపల ఎప్పుడూ ఉంచను. మోడల్‌ 100కి బయటి అడాప్టర్‌ వాడేవాళ్లకి ఒక మాట: 6 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్‌. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను పాజిటివ్‌, కాబట్టి మీటర్‌తో చూడకుండా గుచ్చవద్దు.

ఈ యంత్రానికి డిస్క్‌ డ్రైవ్‌నీ మానిటర్‌నీ జోడించే డిస్క్‌/వీడియో ఇంటర్‌ఫేస్‌ని ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకుని మూడు వారాలు వాడాను. పెద్ద పెట్టె, ఐదుంబావు అంగుళాల డ్రైవ్‌, యంత్రం అడుగున ఉన్న 40 పిన్నుల కనెక్టర్‌కి పట్టీ కేబుల్‌. మానిటర్‌ మీద 80 అక్షరాల వరుస చూసిన మొదటి గంట బాగా ముచ్చటేసింది. కానీ తగిలించాక యంత్రం బల్లకి కట్టేసినట్టే, పైగా డిస్క్‌ బేసిక్‌ కోసం ర్యామ్‌లో కొంత పోతుంది. నేను రోజూ వాడను. అయినా దాని సిస్టమ్‌ డిస్క్‌కి ఇమేజ్‌ తీసి, బోర్డు రెండు వైపులా ఫొటోలు తీసి, చిప్పుల నంబర్లు రాసుకుని తిరిగిచ్చాను.

మిగిలింది ఫోన్‌ లైను మీద డేటా పంపడానికి రిసీవర్‌ని బిగించే అకౌస్టిక్‌ కప్పులు. రబ్బరు గట్టిపడి అంచుల దగ్గర పగుళ్లు వచ్చాయి, ఇప్పటి ఫోన్లు ఏవీ అందులో పట్టవు. మెత్తబరిచే దారేదీ నాకు దొరకలేదు. కొలతలన్నీ తీసుకుని, ఒకదానికొకటి తగలకుండా కాగితం చుట్టి, వాటి వైర్లతో సహా డ్రైవ్‌ పెట్టె పక్కనే పెట్టాను.