ట్రక్కుకి డ్రెయిన్ బోల్ట్ బదులు డ్రెయిన్ వాల్వ్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

డీజిల్ పికప్ ట్రక్కుకి ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవాళ్లు ఎవరైనా సరే, ఇంజిన్ కింద ఆయిల్ చాంబర్‌కి పాత ఆయిల్ దింపడానికి ఉండే బోల్ట్ తీసేసి డ్రెయిన్ వాల్వ్ బిగించుకోండి అని నేను గట్టిగా చెప్తా. ఏళ్ల నుంచి వాడుతున్నా, ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదు. ఇత్తడి బాడీ, లోపల గుండు, పక్కన చిన్న లివర్, అంతే సరంజామా. గాడిలోంచి లివర్ ఎత్తి పావు వంతు తిప్పితే ఆయిల్ వస్తుంది, వెనక్కి తిప్పితే మళ్లీ గాడిలో కూర్చుంటుంది. పానాతో పని లేదు, ప్రతిసారీ కొత్త వాషర్ వెతుక్కోనక్కర్లేదు, మాటిమాటికీ బోల్ట్ విప్పి బిగించి చాంబర్ మరలు అరగ్గొట్టుకునే బాధ కూడా లేదు.

చిన్న కారుకైతే ఇది ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఏం ఉండదు, కానీ ట్రక్కు సంగతి వేరు. కమిన్స్ కంపెనీ 6.7 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న పికప్ అయితే ఫిల్టర్‌తో కలిపి దాదాపు 11 లీటర్ల ఆయిల్ పడుతుంది, పెద్ద లారీలకైతే 30 లీటర్లు దాటేవి కూడా ఉంటాయి, అంత వేడి ఆయిల్ బోల్ట్ ఆఖరి మర వదలగానే ఒక్కసారిగా దూకితే చెయ్యి లాక్కునే టైం కూడా ఉండదు, బోల్ట్ వెళ్లి టబ్బులో పడుతుంది, నేలంతా ఖరాబు. వాల్వ్‌తో అయితే చివర నాజిల్‌కి పైపు తగిలించి రెండో కొస నేరుగా డబ్బాలో పెట్టేయొచ్చు, డబ్బా నిండగానే లివర్ వేసి ఇంకో డబ్బా పెట్టి మళ్లీ తెరవొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇలా మధ్యలో ఆపగలగడమే. పాత ఆయిల్ మూత బిగించిన డబ్బాల్లో ఉంటుంది కాబట్టి రీసైక్లింగ్‌కి ఇవ్వడం కూడా సులువు, దాన్ని మట్టిలోనో కాలవలోనో మాత్రం దయచేసి పోయకండి, ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏనే చెప్తుంది.

ఇక లోట్లు. టైం పడుతుంది, బోల్ట్ కన్నం కంటే దీని కన్నం చిన్నది. చల్లటి ఇంజిన్ మీద 15డబ్ల్యూ-40 గ్రేడు చిక్కటి ఆయిల్ తేనెలా సాగుతూ వస్తుంది, అందుకే కాసేపు ఇంజిన్ తిప్పి, ఆపి, చెయ్యి కాలనంత వెచ్చగా ఉన్నప్పుడు పైన ఆయిల్ మూత తీసి లివర్ తిప్పుతా. అది కారేలోపు ఫిల్టర్ పని చూసుకుంటా, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూసి, కొత్త రింగుకి ఆయిల్ రాసి చేత్తోనే బిగిస్తా. ఈ లోపు ధార సన్నబడి దారంలా అయ్యి ఆ తర్వాత చుక్కలు పడతాయి, అప్పుడు కూడా తొందరపడకుండా ఇంకాసేపు వదిలేయాలి. ఎంత వదిలినా అడుగున కొద్దిగా మిగులుతుంది, ఎందుకంటే వాల్వ్ మర చాంబర్ లోపలికి కొంచెం పొడుచుకుని ఉంటుంది. 11 లీటర్లలో అదో లెక్క కాదని నా అభిప్రాయం. పాత బోల్ట్‌కి అయస్కాంతం ఉంటే మాత్రం అది పోతుంది, ఇనప రజను చూసే అలవాటున్నవాళ్లు దీని గురించి ఆలోచించుకోండి. దానికి బదులు నేను ధార మధ్యలో చిన్న సీసాలోకి శాంపిల్ పట్టి వెలుతుర్లో చూస్తా. రంగు నల్లగా ఉందని కంగారు పడొద్దు, డీజిల్‌కి మసి వల్ల కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు, అదీ గ్లౌజులు వేసుకునే.

కొనేముందు మర సైజు మాన్యువల్‌లో చూడండి, ఎం14 (14 మి.మీ. మర)కీ ఎం18 (18 మి.మీ.)కీ తేడా ఉంటుంది, బోల్ట్ చూసి అంచనా వేయకండి. ఇత్తడి కాబట్టి బలమంతా పెట్టి బిగించొద్దు. లివర్ మీద వేసే సేఫ్టీ క్లిప్ కూడా తీసుకోండి. ఇంకోటి, ట్రక్కు కిందికి దూరి బోల్ట్ ఎటు తిరిగి ఉందో చూడండి: పక్కకి ఉంటే నిశ్చింతగా పెట్టుకోవచ్చు, సూటిగా నేలవైపే ఉండి మీరు రాళ్లల్లో గుట్టల్లో నడిపేవాళ్లయితే వాల్వ్ కిందికి వేలాడి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, అలాంటి బండికి మామూలు బోల్టే ఉంచేయండి.