విజయవాడ వన్‌టౌన్‌లో అద్దెకు ఉండటం: ఏళ్ల తరబడి ఉన్నాక రాస్తున్న సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తే, చోటు బంగారం. ఇళ్లు మాత్రం ఒక్కోటి ఒక్కో రకం. బెంజి సర్కిల్ వైపో, పటమట వైపో అయితే ఒక అపార్ట్‌మెంటు చూస్తే మిగతావి ఎలా ఉంటాయో అంచనాకి వస్తాయి. కనకదుర్గమ్మ కొండ పక్కనున్న పాత ఊరు వన్‌టౌన్‌లో పక్కపక్క గుమ్మాలే అయినా ఒకదానికి నీళ్లు పైదాకా ఎక్కుతాయి, రెండోదానికి ఎక్కవు. అందుకే ఇక్కడ ఇల్లు చూడటమంటే ఒక సాయంత్రం వెళ్లి తలుపు తీయించి చూసి రావడంతో అయ్యే పని కాదు.

చోటు సంగతి ముందు. తారాపేట వైపు ద్వారం ఉండబట్టి రైల్వే స్టేషన్‌కి చుట్టూ తిరిగి వెళ్లే పని లేదు. సామాను తక్కువైతే నడిచే వెళ్లొచ్చు. గుంటూరు, తెనాలి, ఏలూరు రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులకి ఇంతకంటే అనువైన పేట ఊళ్లో ఇంకోటి లేదనే మా అభిప్రాయం. పండిట్ నెహ్రూ బస్టాండుకి ఆటోలో కాసేపే. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక హైదరాబాద్ రోడ్డు ఎక్కడం తేలికైంది. గొల్లపూడి వైపు పనున్నవాళ్లకి చిట్టినగర్ సొరంగం ఉంది. ఇక కూరగాయలకి కాళేశ్వరరావు మార్కెట్, బట్టలకి వస్త్రలత, ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్, పూజాసామగ్రి ఏది కావాలన్నా హోల్‌సేల్ ధరకే కాలినడకన దొరుకుతాయి.

ఒక్క లోపం, రైలు పట్టాల కింద నుంచి పోయే లోబ్రిడ్జి. గట్టి వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. అప్పుడు స్టేషన్‌కి అవతలున్న గాంధీనగర్, గవర్నర్‌పేటలకి వెళ్లాలంటే చుట్టు తిరగాలి. పిల్లల బడి అవతలి వైపు ఉంటే వానాకాలం ఇది రోజువారీ తలనొప్పే.

అద్దెలు మేం చూసినంతలో మొగల్రాజపురం, లబ్బీపేట కంటే బాగా తక్కువ. రెండు పడకగదుల వాటా సుమారు పది నుంచి పద్నాలుగు వేలకి దొరుకుతుంది. కొండవాలు మీద అంతకంటే తక్కువే. అడ్వాన్సు రెండు మూడు నెలల అద్దె. బ్రోకరు ద్వారా వెళితే అతనికో నెల అద్దె. అయితే ఇక్కడ మంచి ఇళ్లు బ్రోకరు దాకా రావు, టులెట్ బోర్డు కూడా కట్టరు. ఇస్త్రీ బండి అతను, పాలు పోసేవాడు, వీధి చివర కిరాణా కొట్టు, ఈ ముగ్గురినీ అడిగితే ఏ ఇల్లు వచ్చే నెల ఖాళీ అవుతుందో తెలిసిపోతుంది. అది ఎందుకు ఖాళీ అవుతోందో కూడా వాళ్లే చెబుతారు. అదే ముఖ్యం.

వన్‌టౌన్‌లో తెలుగు వర్తక కుటుంబాలు, తరాలుగా స్థిరపడ్డ మార్వాడీలు, గుజరాతీలు, ముస్లింలు, అర్చక కుటుంబాలు, కృష్ణ ఒడ్డున పనిచేసుకునే కూలీలు అంతా ఒకే చదరపు కిలోమీటరులో సర్దుకున్నట్టు ఉంటారు. కొట్లో మాట హిందీలో మొదలై తెలుగులో ముగుస్తుంది. వీధిలో ఉన్నంత కలుపుగోలుతనం అద్దె బేరంలో ఉంటుందనుకుంటే మాత్రం పొరపాటు. "మీరేమిట్లండీ?" అని కులం సూటిగా అడిగేవాళ్లు కొందరు. ఇంటిపేరు, సొంతూరు, పెళ్లి సంబంధాలు ఎటువైపు అంటూ చుట్టూ తిప్పి రాబట్టేవాళ్లు కొందరు. ఒంటరి మగవాళ్లకీ, కొన్ని వీధుల్లో వేరే మతం వాళ్లకీ "ఇంకెవరికో మాటిచ్చామండీ" అనే జవాబు వస్తుంది. ఇది తప్పని మా అభిప్రాయం. కానీ దాచిపెట్టి చేరితే మూడో నెలలో గొడవై ఖాళీ చేయాల్సొస్తుంది, సామాను మార్చే ఖర్చు మళ్లీ మనమీదే పడుతుంది. ముఖ్యంగా తిండి విషయం. "శాకాహారులకే" అన్నారంటే గుడ్డు కూడా కుదరదనే అర్థం. జైనుల ఇళ్లలో కొందరు ఉల్లి, వెల్లుల్లి, దుంపల దగ్గర కూడా పట్టింపుగా ఉంటారు. బయట తిని వస్తే అభ్యంతరమా, వండితేనే అభ్యంతరమా అన్నది అడ్వాన్సు చేతిలో పెట్టకముందే నోరు తెరిచి అడిగేయాలి.

ఇక ఇల్లు. ఇక్కడ మూడు రకాలు దొరుకుతాయి. ఉమ్మడి గోడలతో ఇరుకుగా, పొడుగ్గా వెనక్కి పోయే పాత ఇళ్లలో వాటాలు. ఆ పాతవి పడగొట్టి నూరు నూటపాతిక గజాల్లో నిలువునా లేపిన మూడంతస్తుల కట్టడాలు. కొండమీద మెట్ల వెంట ఇళ్లు. మొదటిదాంట్లో గోడలు మందం, దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాస్ టెర్రస్ కప్పు, కాబట్టి మే నెలలోనూ నడిమి గది చల్లగా ఉంటుంది. కాకపోతే పగలు కూడా లైటు వేసుకోవాలి. గోడ అడుగున చెమ్మ ఎక్కి సున్నం పొలుసులు పొలుసులుగా రాలుతుంది. రెండోదాంట్లో వెలుతురు పైఅంతస్తుకే, ఎండ కూడా దానికే. స్లాబు కింద ఏప్రిల్ నుంచి రాత్రి పదయినా ఫ్యాను వేడిగాలే విసురుతుంది. పైవాటా తీసుకోవాల్సొస్తే టెర్రస్‌కి తెల్ల కూలింగ్ పెయింటు వేయించమని ముందే అడగండి. ఓనర్లు దానికి ఒప్పుకున్నంత తేలిగ్గా అద్దె తగ్గింపుకి ఒప్పుకోరు.

మెట్లు కొలవకుండా ఇల్లు ఖాయం చేయొద్దు. నిలువు కట్టడాల్లో మెట్ల వెడల్పు రెండున్నర అడుగులే ఉంటుంది, మలుపు ఇంకా ఇరుకు. రెండు తలుపుల ఫ్రిజ్, ఆరడుగుల డబుల్ కాట్, విడదీయడానికి రాని బీరువా ఆ మలుపులో తిరగవు. తాడుతో బాల్కనీ మీదుగా ఎక్కించాలంటే కింద కరెంటు తీగలుంటాయి. హమాలీలు ఒప్పుకున్నా కూలి రెట్టింపు అడుగుతారు. టేపు తీసుకెళ్లి మలుపు దగ్గర గోడకీ రెయిలింగుకీ మధ్య ఎంతుందో చూసుకోండి.

నీళ్లు కార్పొరేషన్ కుళాయి ద్వారా పొద్దునా సాయంత్రమూ వస్తాయి. కృష్ణ నీళ్లు, రుచికి వంక పెట్టలేం. చిక్కంతా అవి కింద సంపులో పడ్డాక మొదలవుతుంది. సంపు ఒకటి, మోటారు ఒకటి, వాటాలు నాలుగో అయిదో. మోటారు ఎవరు వేస్తారు, దాని కరెంటు ఏ మీటరు మీద తిరుగుతుంది, పైన ట్యాంకు అందరికీ ఒకటేనా విడివిడిగానా అన్నవి మూడూ అడగాలి. ఇల్లు చూడటానికి నీళ్లొచ్చే వేళకే వెళ్లండి. పైవాటా బాత్రూములో కుళాయి పూర్తిగా తిప్పి బకెట్టు పెట్టండి. ఇరవై లీటర్ల బకెట్టు రెండు నిమిషాల్లో నిండకపోతే పైపు తుప్పు పట్టి మూసుకుపోయినట్టే, పాత ఇనుప పైపులున్న ఇళ్లలో ఇది మామూలే. నదికి వరద వచ్చిన రోజుల్లో నీళ్లు ఎర్రగా వస్తాయి. అప్పుడు పటిక వేసి తేర్చుకోవడమో, క్యాన్లు తెప్పించుకోవడమో తప్పదు.

కరెంటు మీటరు విషయంలో చాలామంది మోసపోతారు. ఓనరు మోసం చేసి కాదు, లెక్క తెలియక. 2022లో మారిన శ్లాబుల ప్రకారం ఇళ్లకి మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకి 120 యూనిట్లు వాడే కుటుంబానికి సొంత మీటరుంటే యూనిట్ల ఖర్చు 395 రూపాయల దాకా వస్తుంది. అదే 120 చొప్పున వాడే మూడు వాటాలకి కలిపి ఒకే మీటరుంటే మొత్తం 360 యూనిట్లు, బిల్లు దాదాపు 2,200. తలా 733. వాడకం అదే, ఖర్చు ఇంచుమించు రెట్టింపు. సబ్‌మీటరు పెట్టాం కదా అని ఓనరు అంటాడు. సబ్‌మీటరు యూనిట్లను పంచుతుంది గానీ శ్లాబును తగ్గించదు. ఒక వాటాలో ఏసీ ఉందంటే దాని బరువు మిగతా ఇద్దరూ మోస్తారు. కాబట్టి డిస్కం, అంటే కరెంటు సంస్థ, ఇచ్చిన మీటరు వాటాకి విడిగా ఉందా లేదా చూడండి, బిల్లు మీదున్న సర్వీసు నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబరుతో గత నెలల బిల్లులు, బకాయిలు చూసుకోవచ్చు.

ఇంకో మెలిక ట్రూఅప్. ఇది పాత వాడకం మీద తర్వాత వేసే సర్దుబాటు ఛార్జీ. సర్వీసు నంబరుకి పడుతుంది తప్ప మనిషికి కాదు. అంటే అంతకుముందు ఆ ఇంట్లో ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ల బాకీ మీ బిల్లులో తేలుతుంది. "నేను చేరిన తేదీకి ముందు వాడకం మీద పడే సర్దుబాట్లు ఓనరువే" అని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయిస్తే సరి. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే ఇలా అడిగేవాళ్లే లేరు.

కొండమీది ఇళ్ల గురించి విడిగా చెప్పాలి. గాలి, వెలుతురు, కింద కనబడే ఊరు, తక్కువ అద్దె, అన్నీ నిజమే. కానీ 14.2 కిలోల గ్యాసు నింపిన సిలిండరు ఖాళీ బరువుతో కలిపి ముప్పై కిలోల దగ్గర తూగుతుంది. దాన్ని మెట్ల కింద దించి వెళ్తారు, లేదంటే మెట్లెక్కించినందుకు విడిగా అడుగుతారు. నీళ్ల క్యానుకీ అంతే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఈ ఆలోచనే మానుకోండి. వాన సంగతి ఇంకా ముఖ్యం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వన్‌టౌన్ కొండవాలు ఇళ్లకీ ఆ భయం ఉంది. ఇంటి వెనక రాయి, మట్టి చెక్కి చదును చేసిన గట్టుంటే దానికి రక్షణ గోడ ఉందా, ఆ గోడకి నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉన్నాయా, గోడ పొట్ట ఉబ్బిందా చూడండి. గోడ ఉండి రంధ్రాలు లేకపోతే వాన నీరు వెనకే నిలిచి గోడను నెడుతుంది. అలాంటి ఇల్లు ఉచితంగా ఇచ్చినా వద్దు.

పల్లంలో ఇంకో గొడవ, బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబరు 1 తర్వాత సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, చిట్టినగర్ అవతల ఊర్మిళానగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. పాత వన్‌టౌన్ నడిబొడ్డు వేరు, దాని అంచున ఉన్న ఈ పేటలు వేరు. ప్రకటనల్లో మాత్రం అన్నిటినీ "వన్‌టౌన్ దగ్గర" అనే రాస్తారు. నీళ్లొచ్చిన ఇంటిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. గోడకి నాలుగడుగుల వరకే కొత్త రంగు, అడుగున ఉబ్బి పొరలు లేచిన ఫ్లష్ తలుపు, కిందనున్న ప్లగ్గు పాయింట్లు తీసేసి పైకి జరిపిన స్విచ్‌బోర్డులు. గేటు బయట కాంపౌండు గోడకి రంగు వేయడం మర్చిపోతారు, నీటి చార అక్కడ అలాగే ఉంటుంది.

కింది అంతస్తులో ఏముందన్నది కూడా చూసుకోవాలి. చాలా కట్టడాల్లో కింద గోడౌన్లే. బట్టల బేళ్లు, ప్లాస్టిక్ అయితే నిప్పు భయం, పైగా దిగడానికి ఒకే మెట్ల దారి. మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చి ఉంటే వద్దనుకోండి. మిర్చి, మసాలా సరుకైతే రోజంతా తుమ్ములే. లారీల దింపుడు రాత్రిపూటే జరుగుతుంది, కాబట్టి ఒకసారి రాత్రి పదకొండు తర్వాత ఆ వీధికి వెళ్లి నిలబడి చూడండి. గుడి మైకు, అజాన్, రైలు కూత మాత్రం వారం రోజుల్లో చెవికి అలవాటైపోతాయి. కారుందంటే ఈ పేట మర్చిపోవడం మంచిది. స్కూటరుకైనా రాత్రి లోపల పెట్టుకునే చోటు రాయించుకోవాలి.

దసరా పది రోజులూ వేరే లెక్క. కనకదుర్గమ్మ దర్శనం క్యూలైన్లు వినాయకుడి గుడి దగ్గర మొదలవుతాయి, చుట్టుపక్కల రోడ్లు మూసి దారి మళ్లిస్తారు. అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉండే మూలానక్షత్రం రోజున అయితే ఇంటికి చేరడమే ఒక యాత్ర. ఆధార్‌లో ఈ చిరునామా ఉంటే బారికేడ్ దగ్గర పోలీసులకి చెప్పుకోవడం తేలిక. అందుకని చేరగానే చిరునామా మార్పించుకోవాలి. పాడ్యమికి ముందే గ్యాసు బుక్ చేసి, బియ్యం, నీళ్ల క్యాన్లు తెచ్చి పెట్టుకోవాలి. భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ ఇంతే, కాస్త తక్కువ. బంధువులు మాత్రం ఆ పది రోజులూ మనింటికే దిగుతారు, అమ్మవారి గుడి పక్కన అద్దెకుంటే అది కూడా అద్దెలో భాగమే.

బేరానికి మంచి కాలం ఆషాఢం, భాద్రపదం, పుష్యం. శూన్యమాసాల్లో ఎవరూ ఇల్లు మారరు, ఖాళీ ఇల్లు ఓనరు కళ్లలో గుచ్చుకుంటూ ఉంటుంది. అప్పుడు మాట్లాడుకుని, శ్రావణంలోనో మాఘంలోనో మంచిరోజు చూసి పాలు పొంగించుకుంటామంటే అయిదొందలో వెయ్యో తగ్గుతారు. పాలు పొంగించిన రోజు నుంచి అద్దె లెక్కా, సామాను దింపిన రోజు నుంచా అన్నది తేల్చుకోకపోతే వారం పదిరోజుల అద్దె దగ్గర మాటామాటా వస్తుంది. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. ఏటా పెంపు అయిదు శాతమా పదా, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు కింద నెల అద్దె పట్టుకుంటారా, ఈ మూడూ అందులో ఉండాలి. రంగుల పేరుతో నెల అద్దె పట్టుకునే ఆనవాయితీ ఇక్కడ గట్టిగానే ఉంది. చేరేటప్పుడు గోడలకి కొత్త రంగు లేదంటే వెళ్లేటప్పుడు ఇవ్వాల్సిన పని లేదని అప్పుడే అనేసి, గది గదికీ ఫోటోలు తీసి ఓనరుకే వాట్సాప్‌లో పంపండి. తేదీతో సహా ఇద్దరి దగ్గరా ఉంటుంది.

ఖాళీ చేసేటప్పుడు చివరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకోమనడం మేలు, మొత్తం వెనక్కి తీసుకోవడం కంటే అది సులువు. వెళ్లే రోజు మీటరు రీడింగు ఫోటో, సంపు మోటారు నడుస్తున్న వీడియో, తాళాలు ఎన్ని ఇచ్చారో ఓ మెసేజు. కరెంటు బిల్లు ఇంకా రాలేదని వెయ్యి రెండు వేలు ఆపుకుంటే ఒప్పుకోండి, కానీ ఎంత ఆపారో, ఏ నెల బిల్లుకో ఆ మెసేజులోనే రాయించుకోండి.