అడవి రోడ్డు మూయడమా, తెరిచి ఉంచడమా? ఎల్క్ వేటగాడికి ఏది మేలు?

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ అడవిలోని రోడ్లు కొన్ని మూసివేస్తామని జాతీయ అడవులను నిర్వహించే కేంద్ర సంస్థ ఫారెస్ట్ సర్వీస్ ప్రతిపాదించినప్పుడల్లా, ఆ ఊరి సమావేశానికి వేటగాళ్ళు రెండు వర్గాలుగా వస్తారు. మా తాతల నాటి నుంచి ట్రక్కు వేసుకుని వెళ్తున్న దారిని మూయడానికి మీరెవరని ఒక వర్గం నిలదీస్తుంది. ఆ ట్రక్కుల వల్లే ఎల్క్ (అక్కడి ఒక పెద్ద జింక జాతి) మందలు చేతికి చిక్కకుండా పోతున్నాయని, గేటు పెట్టమని రెండో వర్గం అడుగుతుంది. ఇద్దరి దగ్గరా అదే లైసెన్సు ఉంటుంది, ఇద్దరికీ కావలసింది అదే జంతువు. కాబట్టి ఎవరి ఆవేశం న్యాయమైనదన్న చర్చ కంటే, ఏ ఏర్పాటు వల్ల వేటగాడికి నిజంగా మేలు జరుగుతుందో చూడటం అవసరం. ఇందుకు ఈశాన్య ఒరెగాన్‌లోని బ్లూ పర్వతాల కంటే మంచి ఉదాహరణ దొరకదు. రోడ్ల మీద పెద్ద రగడా, ఎల్క్‌పై సుదీర్ఘమైన పరిశోధనా అక్కడే, లా గ్రాండ్ అనే ఒకే పట్టణం చుట్టుపక్కల జరిగాయి.

ముందుగా ఇన్ని రోడ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలి. దేశవ్యాప్తంగా జాతీయ అడవుల్లో దాదాపు 3,70,000 మైళ్ళ రోడ్లున్నాయి. అమెరికా ఇంటర్‌స్టేట్ రహదారులన్నీ కలిపినా అందులో ఏడోవంతు ఉండవు. వీటిలో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాల్లో దుంగలు దింపడానికి వేసినవి. 1990ల్లో ప్రభుత్వ అడవుల్లో కలప కోత బాగా తగ్గిపోయింది గానీ, దుంగల లారీల కోసం కొండవాలును తొలిచి వేసిన దారులు మాత్రం అలాగే మిగిలాయి. వాటి మరమ్మతుకు చాలినంత డబ్బు ఏనాడూ లేదు. అడవుల్లో మోటారు వాహనాలను అదుపు చేయమని అధ్యక్షుడు నిక్సన్ 1972లోనే ఉత్తర్వు ఇచ్చారు. (మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఇక్కడ వేట దాదాపు పూర్తిగా నేరమైంది కాబట్టి, అడవి నిర్వహణపై వేటగాడి అభిప్రాయం అడగడమేమిటని మనకు వింతగా తోచవచ్చు. అయితే అక్కడ 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ప్రత్యేక పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది గనుక, వేటగాడు తనను తాను ఆ అడవికి చందాదారుడిగా భావిస్తాడు.) ఆ తరువాత 2005లో వచ్చిన ప్రయాణ నిర్వహణ నిబంధన అసలు లెక్కనే తిరగేసింది. అంతవరకు చాలా అడవుల్లో మూసినట్టు బోర్డు లేని దారి తెరిచినట్టే. ఆ నిబంధనతో, ప్రతి అడవీ అచ్చువేసే వాహనాల మ్యాపులో చూపని దారి మూసినట్టే.

ఆ బ్లూ పర్వతాల్లోని వాలోవా-విట్‌మన్ జాతీయ అడవి ఈ నిబంధనను అమలు చేయబోయి 2012లో చేతులు కాల్చుకుంది. వేల మైళ్ళ దారులను వాహనాలకు మూసే ప్రణాళికపై ఆ వసంతంలో సంతకం పడగానే లా గ్రాండ్, బేకర్ సిటీ ప్రాంతాల ప్రజలు భగ్గుమన్నారు. కట్టెలు కొట్టుకునేవారు, హకుల్‌బెర్రీ పళ్ళు ఏరుకునేవారు, పశువుల పెంపకందారులు, వేటగాళ్ళు ఒక్కటై నిలిచారు. నెల తిరిగేసరికి ఏప్రిల్‌లో అధికారులు ప్రణాళికను వెనక్కి తీసుకున్నారు. ఇది వేటగాళ్ళ విజయమని అప్పట్లో చాలామంది అన్నారు. నేను అలా అనుకోను. వేటగాడి ప్రయోజనం ఏమిటన్నది తేలకుండానే ఆ చర్చ ముగిసిపోయింది.

అన్నీ తెరిచి ఉంచడమన్నది మొదటి మార్గం. దీని వెనుక ఉన్న కారణాలను తేలికగా కొట్టిపారేయకూడదు. పెద్ద మగ ఎల్క్ మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది, ఎముక తీసిన మాంసమే వంద కిలోల దాకా వస్తుంది. సెప్టెంబరులో విల్లంబుల వేటకు వెళ్ళినవాడు సాయంత్రం ఎల్క్‌ను పడగొట్టాడనుకుందాం. ముందు చర్మం ఒలిచి, తొడలు, జబ్బలు విడదీసి గాలి తగిలేలా గుడ్డసంచుల్లో వేలాడదీయాలి. ఆలస్యమైతే తొడ ఎముక చుట్టూ వేడి చిక్కుకుని మాంసం అక్కడి నుంచే పులిసిపోతుంది. ఆపైన పాతిక కిలోల చొప్పున వీపున కట్టుకుని మోయాలి. రోడ్డు రెండు మైళ్ళ దూరంలో ఉంటే, ఒంటరివాడికి రాకపోకలన్నీ కలిపి దాదాపు పదిహేను మైళ్ళ నడక, అందులో సగం బరువుతో, ఎగుడుదిగుడు నేల మీద. మర్నాడు మధ్యాహ్నానికి ఎండ పాతిక డిగ్రీలు దాటవచ్చు. గుర్రాలో కంచరగాడిదలో ఉన్నవాడికి ఇది పెద్ద విషయం కాదు, యాభై ఏళ్ళు దాటి మోకాళ్ళు అరిగినవాడికి ఇదే అసలు విషయం. రోడ్డు మూయవద్దని అరిచేవాళ్ళలో ఎక్కువమంది సోమరులు కారు, ఈ లెక్క తెలిసినవాళ్ళు.

అయితే ఆ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. మాంసాన్ని మోయాలంటే ముందు ఎల్క్ కనబడాలి. లా గ్రాండ్‌కు దగ్గరలోనే స్టార్కీ ప్రయోగ అటవీ క్షేత్రం ఉంది. అక్కడ దాదాపు 25 వేల ఎకరాల చుట్టూ 1987లో ఎనిమిది అడుగుల కంచె కట్టి, ఎల్క్, మ్యూల్ జింక, పశువుల మెడలకు రేడియో పట్టీలు తగిలించి, ఏ జంతువు ఏ పూట ఎక్కడుందో ఏళ్ళ తరబడి నమోదు చేశారు. రోడ్ల మీద వాహనాలు లెక్కించే పరికరాలు కూడా పెట్టారు. వాహనాలు తిరిగే రోడ్డుకు ఎల్క్ దూరంగా జరుగుతుందని అక్కడ పదే పదే తేలింది. తరువాతి పరీక్షల్లో ఎల్క్ అన్నిటికంటే ఎక్కువ దూరం జరిగింది ఏటీవీల (ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న మోటారు బండ్ల) నుంచి; ఆ తరువాత కొండ సైకిళ్ళు; కాలినడక, గుర్రపు స్వారీ వాటి తరువాతే. అంతకు ముందు 1983లో మొంటానా పరిశోధనల ఆధారంగా జాక్ లయన్ ప్రచురించిన లెక్క పశ్చిమ రాష్ట్రాల అటవీ అధికారులందరికీ కంఠతా వచ్చినదే. చదరపు మైలుకు ఒక మైలు రోడ్డుంటే ఎల్క్‌కు పనికొచ్చే ఆవాసం నాలుగోవంతు తగ్గుతుంది, రెండు మైళ్ళుంటే కనీసం సగం పోతుంది. కలప కోసం కోసిన కొండల్లో ఇంతకంటే ఎక్కువ సాంద్రత ఉన్న చోట్లు కొల్లలు.

అలా జరిగిన ఎల్క్ ఎక్కడికి వెళ్తుంది? లోతైన అడవి మిగిలి ఉంటే అక్కడికి. మిగలకపోతే కింద లోయలోని ప్రైవేటు పశుక్షేత్రానికి, ఎవరూ వేటాడని పచ్చిక బయలుకు వెళ్తుంది. తుపాకీ సీజను మొదలైన రెండు మూడు రోజుల్లోనే మందలు కంచె దాటి ఆల్ఫాల్ఫా గడ్డి మేస్తూ కనబడటం, ప్రభుత్వ భూమిలో వేటగాడు ఖాళీ అడవిలో ట్రక్కు నడుపుతూ ఉండటం ఆ ప్రాంతంలో కొత్త కథ కాదు. రైతుకు గడ్డి నష్టం, వేటగాడికి సీజను నష్టం. ప్రభుత్వ భూమిలో ప్రతి వాగుకూ దారి ఉండాలన్న పట్టుదల చివరకు ప్రభుత్వ జంతువును ప్రైవేటు గడ్డిలోకి తోలుతోంది.

దీనికి పూర్తిగా ఎదురు మార్గం రోడ్లను శాశ్వతంగా తీసివేయడం. ఎక్స్‌కవేటరుతో దారిని దున్ని, తూములు పెరికి, వాగులకు పాత ఒరవడి ఇచ్చి, వాలును మునుపటి ఆకారానికి సర్దుతారు. నీటి విషయంలో ఇంతకు మించిన మందు లేదు. పాత రేకు తూము నోటికి కొమ్మలు, రాళ్ళు అడ్డుపడితే మంచు కరిగే రోజుల్లో నీళ్ళు రోడ్డెక్కి, దారిని కోసుకుంటూ ఆ మట్టినంతా సాల్మన్, బుల్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే వాగులో పోస్తాయి. ఇలాంటి పనుల కోసమే అమెరికా చట్టసభ కాంగ్రెసు 2008లో పాత రోడ్లకూ కాలిదారులకూ ప్రత్యేక నిధి కేటాయించింది. ఎల్క్‌కు కూడా ఇదే నమ్మకమైన రక్షణ. గేటుకు తాళం పగులుతుంది, లేని రోడ్డు మీద ఎవరూ తిరగలేరు. అయితే పోయిన రోడ్డు మళ్ళీ రాదు. మంటలు చెలరేగిన వేసవిలో అగ్నిమాపక దళానికి, చిక్కుగా పెరిగిన పొదలను పలుచన చేయవలసిన సిబ్బందికి ఆ దారి అక్కరకు రావచ్చు. 1855 ఒప్పందాల ద్వారా ఆ కొండల్లో వేట, దుంపలు, పళ్ళ సేకరణ హక్కులను నిలుపుకున్న యుమటిల్లా, నెజ్ పెర్స్ వంటి తెగల పెద్దలు తమ స్థలాలకు చేరడం ఎలాగన్న ప్రశ్న కూడా ఉంటుంది. నా దృష్టిలో వాగును ఒరుసుకుని పోయే దారులకు, ఒకే గట్టుకు సమాంతరంగా పోయే రెండో మూడో దారులకు ఈ చికిత్స తగును. అడవి మొత్తానికి దీన్నే రాసిపెడితే 2012 నాటి గొడవ మళ్ళీ మొదటికి వస్తుంది.

మూడో మార్గం కాలాన్ని బట్టి మూయడం. వేసవిలో పళ్ళకు, కట్టెలకు, విడిదికి దారి తెరిచే ఉంటుంది. వేట సీజనుకు కాస్త ముందుగా గేటు పడి, సీజను ముగిశాక, లేదా మంచులో బక్కచిక్కిన మందలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి వసంతంలో, తెరుచుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి దగ్గరి పద్ధతి ఒకటి ఉంది. తెరిచిన రోడ్డు మొదట్లో ఉన్న కర్ర మీద వెలుగు తగిలితే మెరిసే ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. చుక్క ఉంటే వాహనం వెళ్ళవచ్చు, లేకపోతే దిగి నడవాలి. అక్షరం రానివాడికీ అర్థమయ్యే బోర్డు. రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు గేటు పడటం తెలిసిన మనకు, కాలాన్ని బట్టి మూసే దారి కొత్త కాదు. మన్ననూరులో గడియారం, అమెరికా అడవిలో క్యాలెండరు.

నాకు ఈ మార్గమే మేలనిపిస్తుంది, అయితే రెండు షరతులతో. మొదటిది, గేటు పెట్టే చోటు. కొండ నడుమ గేటు పెట్టి ఇరుపక్కలా చదునైన నేల వదిలితే వారం తిరగకముందే దాని పక్కన ఏటీవీ చక్రాల జాడలు పడతాయి. ఒక పక్క కోసిన గట్టు, మరో పక్క లోయ ఉన్న ఇరుకు మలుపులో పెట్టిన గేటుకు కావలివాడు అక్కరలేదు. రెండోది, మూతపడిన నేల ఒక్క ముక్కగా ఉండటం. రోడ్ల మొత్తం మైళ్ళ కంటే, తెరిచిన రోడ్డు నుంచి ఆవాసం ఎంత దూరంలో ఉందన్నదే ఎల్క్ నడకను బాగా చెబుతుందని స్టార్కీ పరిశోధకులు చూపారు. చెదురుమదురుగా ఇరవై చీలికదారులు మూసి మధ్యలో పెద్ద రోడ్లు వదిలేస్తే కాగితం మీద సాంద్రత తగ్గుతుంది గానీ మందకు నిలవడానికి చోటు దొరకదు. ఆ ఇరవై దారులూ ఒకే లోయలోవైతే అక్కడ ఎల్క్ నిలుస్తుంది, గేటు దగ్గర ట్రక్కు ఆపి నడిచినవాడికి కనబడుతుంది.

మరి మాంసం సంగతేమిటి? 2005 నిబంధనలోనే దీనికి ఒక కిటికీ ఉంది. చట్టబద్ధంగా వేటాడిన పెద్ద జంతువును తెచ్చుకోవడానికి మాత్రమే, ఎంపిక చేసిన రోడ్ల నుంచి నిర్ణీత దూరం వరకు వాహనాన్ని పక్కకు దించేందుకు స్థానిక అధికారి అనుమతి ఇవ్వవచ్చు. వినడానికి ఇది అందరి సమస్యనూ తీర్చే మధ్యేమార్గంలా ఉంటుంది. ఆచరణలో ఏటీవీ మీద ఎదురైన ప్రతివాడూ ఎల్క్ కోసమే వెళ్తున్నానంటాడు, వెనుక పెట్టెలో ఎల్క్ ఉందో లేదో చూడటానికి వందల చదరపు మైళ్ళకు ఒకరిద్దరు అధికారులే ఉంటారు. ఒకసారి చక్రం పడిన గడ్డి మరుసటి ఏడాదికి దారి అవుతుంది. అందుకే ఈ వెసులుబాటు ఎల్క్ ఒక్కదానికే, తక్కువ దూరానికే ఉండాలి. ముప్పై కిలోల మాంసం వచ్చే జింకను మోయడానికి వాహనం అక్కరలేదు.

జింక మాట వచ్చింది కాబట్టి ఇంకొక చిక్కు చెప్పాలి. స్టార్కీలో మ్యూల్ జింకలు ఎల్క్‌కు దూరంగా మసలాయి, ఎల్క్ రోడ్డుకు దూరంగా మసలింది, దానితో జింకలు రోడ్లకు దగ్గరగా తేలాయి. కాబట్టి జింకలనే నమ్ముకున్న వేటగాడు రోడ్లు మూస్తే తనకేం ఒరుగుతుందని అడిగితే, అతని ప్రశ్నకు తేలిక జవాబు లేదు. ఈ వ్యాసంలోని మొగ్గు ఎల్క్ వేటగాడి వైపు నుంచి చెప్పినది.

నడవలేనివారి విషయంలో రెండు వైపులా అతిశయోక్తి ఎక్కువ. ఇంటిలోపల తిరగడానికి అనువైన, నడవలేనివారి కోసమే తయారైన బ్యాటరీ చక్రాల కుర్చీని నిబంధన మోటారు వాహనంగా లెక్కించదు. కాలినడక అనుమతించిన చోటికల్లా అది వెళ్ళవచ్చు. విద్యుత్ సైకిలును మాత్రం ఫారెస్ట్ సర్వీస్ మోటారు వాహనంగానే చూస్తుంది. అయితే రాళ్ళ దారిలో చక్రాల కుర్చీ ఎంత దూరం పోతుందో ఎవరికైనా తెలుసు. కాబట్టి ప్రతి మూసివేత ప్రతిపాదనలోనూ వాగు దాకానో గట్టు దాకానో ఒక మంచి రోడ్డు ఏడాది పొడవునా తెరిచి ఉంచమని అడగడం న్యాయం. ఆ ఒక్క రోడ్డు కోసం వాదిస్తే గెలిచే అవకాశం ఉంది, అడవిలోని రోడ్లన్నిటి కోసం వాదిస్తే ఆ మాట జనఘోషలో కలిసిపోతుంది.

అభిప్రాయం పంపేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. మా హక్కులు లాక్కోవద్దని రాసిన వెయ్యి ఉత్తరాలు అధికారి చేతిలో ఒక్క ఉత్తరంతో సమానం. ఫలానా నంబరు రోడ్డు ఫలానా వాగు దగ్గర కోసుకుపోయింది, దాన్ని తీసివేయండి, దాని పైనున్న గట్టు రోడ్డును ఆగస్టు చివరి దాకా తెరిచి, తరువాత ఫలానా మలుపు దగ్గర గేటు వేయండి అని మ్యాపుతో పాటు రాసినవాడి మాటకు ఫైలులో జవాబు ఉండక తప్పదు. గడువు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ముసాయిదా నిర్ణయంపై అధికారికంగా అభ్యంతరం దాఖలు చేసే హక్కు, సాధారణంగా, ముందటి దశలో నిర్దిష్టమైన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇచ్చినవారికే ఉంటుంది. సమావేశంలో అరిచి వెళ్ళిపోయి ఏమీ రాసివ్వనివాడు, తీరా తన రోడ్డు మ్యాపులో కనబడకపోతే అభ్యంతరపత్రం ఇవ్వడానికి కూడా అర్హుడు కాడు.