డెల్టా నుంచి జలపాతాలకు: మారేడుమిల్లి వైపా, కటికి వైపా, కొత్తపల్లి దాకానా?

ఊడుపులు ముగిసి చేతికి కాస్త తీరిక దొరికేసరికి కోనసీమలోనూ, భీమవరం వైపూ ఒకటే ప్రశ్న మొదలవుతుంది. ఒక్కరోజులో వెళ్ళొచ్చే జలపాతం ఏది? అమలాపురం నుంచైతే ఎటు వెళ్ళాలి, కాకినాడ నుంచైతే ఎటు? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? దూరాలు ఫోను చెబుతుంది, అందచందాలు వీడియోలు చెబుతాయి. అవి రెండూ చెప్పనిది ఒకటుంది. నీళ్ళు ఒక్కసారిగా పెరిగితే, వాగులో కాలు పెట్టకుండా బండి దగ్గరికి తిరిగి రాగలరా లేదా? ఏ జలపాతం మేలో తేల్చేది ఇదే.

ఈ మాట డెల్టావాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే మన వరద కబురు పెట్టి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు కూడా లంకలకు నీళ్ళకన్నా ముందు కబురే వచ్చింది. ఏటిగట్టు మీద నిలబడి, నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో చూసుకుంటూ సామాను సర్దుకోవడం మనకు అలవాటు.

కొండవాగుకి ఆ మర్యాద లేదు. వాలు ఎక్కువ, రాయి మీద మట్టి పలుచన, వాన పడ్డ చోటికీ మీరున్న చోటికీ మధ్య పెద్దగా దూరం ఉండదు. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన కొండ వెనకాల కురిసిన జడివాన కాసేపట్లోనే మీ కాళ్ళ కిందికి వచ్చేస్తుంది. మోకాలి లోతు నీళ్ళు నడుము లోతు కావడానికి పావుగంట చాలు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయింది ఇలా ఒక్కసారిగా పెరిగిన నీటికే. అంతకు ముందు ఏడాది జులైలో ములుగు జిల్లా ముత్యంధారకు వెళ్ళినవాళ్ళు, తిరుగుదారిలో వాగు పొంగి ఎనభై మందికి పైగా అడవిలో చిక్కుకుపోతే విపత్తు దళాలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. రెండుచోట్లా జలపాతం ఎత్తుతో పని లేదు. మనుషులు నిలబడ్డ చోటు, తిరిగొచ్చే దారి, ఈ రెండే కొంప ముంచాయి.

ఈ కొలత పట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

మారేడుమిల్లి వైపు డెల్టాకి అందరికన్నా దగ్గరి చుట్టం. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. కాకినాడవాళ్ళు రాజమండ్రి వెళ్ళనక్కర్లేదు, పెద్దాపురం, జగ్గంపేట మీదుగా గోకవరంలో కలవొచ్చు. ఈ ఒక్క దారిలోనే మూడు జలపాతాలు తగులుతాయి, కానీ మూడూ ఒక్కలాంటివి కావు. జలతరంగిణి రోడ్డుకి ఆనుకునే ఉంటుంది కనుక అందరూ అక్కడే ఆగుతారు. చూడ్డానికి నిలబడే రాళ్ళే వాగు మధ్యలో ఉండటం దాంతో వచ్చిన చిక్కు. తేలిగ్గా చేరగలిగేదే ఎక్కువ ప్రమాదమైనది కావడం విచిత్రమే. అమృతధార ఇంకొంచెం ముందుకు, భద్రాచలం వెళ్ళే ఘాట్ రోడ్డులో వస్తుంది. రోడ్డు దిగి అడవి దారిలో కాసేపు నడవాలి. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తిరుగు ప్రయాణం లెక్క ముందే వేసుకోవాలి. ధార ఎదురుగా గట్టు మీద ఆగిపోయే వీలుంది, అదే దీని గొప్ప. రంప జలపాతం రంపచోడవరానికి నాలుగు కిలోమీటర్లలో, పాత శివాలయం దగ్గర ఉంటుంది. ధార చిన్నది, పేరు పెద్దది. కార్తీక సోమవారాలు, ఆదివారాలు అక్కడ వనభోజనాల జనం తప్ప నీళ్ళు కనబడవు.

అమలాపురం నుంచి వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే లెక్క ఇది. ఉదయం ఐదింటికి బయలుదేరితే రావులపాలెం, రాజమండ్రి దాటి గోకవరంలో టిఫిను. రంపచోడవరంలో ఆయిలు నింపుకుని, తొమ్మిది ప్రాంతానికి మారేడుమిల్లి. బొంగులో చికెన్ అప్పుడే చెప్పి వెళ్ళాలి. వెదురు బొంగు నిప్పుల మీద కాలడానికి ముప్పావుగంటైనా పడుతుంది, తిరిగొచ్చాక చెబితే ఆ టైమంతా మధ్యాహ్నంలోంచే పోతుంది. ముందు నేరుగా అమృతధార, జలతరంగిణిని తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీంచి చూస్తే చాలు. పన్నెండున్నరకి మారేడుమిల్లి, భోజనం, మూడింటికి రంప, నాలుగున్నరకల్లా గోకవరం దారి. నవంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, లోయలో అంతకు గంట ముందే చీకటి పడ్డట్టు ఉంటుంది. మారేడుమిల్లి దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పేలూ పనిచేయవు. చిల్లర నోట్లు జేబులో ఉండాలి.

కటికి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. బొర్రా గుహల దగ్గర, గోస్తనీ నది మీద ఉన్న ఈ ధార పై మూడింటికన్నా నిండుగా ఉంటుందనడంలో సందేహం లేదు. కానీ డెల్టా నుంచి ఒక్కరోజు పని కాదు. రాత్రి బండికి విశాఖ చేరి, ఉదయం కిరండూల్ పాసింజరు ఎక్కి బొర్రా గుహల స్టేషన్లో దిగడం హాయైన పద్ధతి, సొరంగాల ప్రయాణం అదనపు లాభం. స్టేషను దగ్గర జీపులు దొరుకుతాయి. బేరం రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి ఒకేసారి మాట్లాడుకోవాలి. లేకపోతే దింపేసిన డ్రైవరు ఇంకో బేరం చూసుకుని వచ్చేసరికి రెండు గంటలవుతుంది. సొంత కారు ఆ రాళ్ళదారిలో తీసుకెళ్ళకండి. ఇంజిను కింది ఆయిలు చాంబరుకి ఒక్క రాయి తగిలితే బండిని లాగించుకుని కొండ దిగాల్సిందే. జీపు ఆగాక కూడా రాళ్ళ మీద నడక ఉంటుంది. వానాకాలంలో ఇక్కడ చిక్కు రెండు వైపుల నుంచి వస్తుంది: జీపుదారి బురదవుతుంది, ఘాట్ సెక్షన్లో కొండచరియలు, బండరాళ్ళు పట్టాల మీద పడి రైళ్ళు రద్దవుతాయి. తిరుగు రైలునే నమ్ముకుని పిల్లలతో వెళ్ళినవాళ్ళకి రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది ముందే తెలిసి ఉండాలి.

కొత్తపల్లి జలపాతం జి.మాడుగుల మండలంలో, చింతపల్లి నుంచి పాడేరు వెళ్ళే వైపు ఉంది. కాకినాడ, పిఠాపురం, తునివాళ్ళకి ఇది అందుబాటులోనే. తుని దగ్గర హైవే వదిలి నర్సీపట్నం, లంబసింగి ఘాట్, చింతపల్లి. కోనసీమ నుంచైతే రానూపోనూ ఒక్కరోజులో చేస్తే బండి నడిపేవాడి నడుం విరుగుతుంది, చింతపల్లిలోనో లంబసింగిలోనో రాత్రి ఆగడం మేలు. ఇక్కడ మెట్లు కట్టారు, రెయిలింగులు పెట్టారు. ధార పొంగుతున్నా మెట్ల మీద నిలబడి తడవకుండా చూసి రావొచ్చు. అడవిలో నడిచామన్న తృప్తి ఉండదు, నిజమే. ముసలివాళ్ళనీ చిన్నపిల్లల్నీ తీసుకెళ్ళేవాళ్ళకి ఆ తృప్తి అక్కర్లేదు కూడా. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో మాత్రం లంబసింగి మంచు చూసేవాళ్ళ బండ్లతో ఘాట్ కిటకిటలాడుతుంది, తెల్లవారకముందే ఎక్కేయాలి.

బోగత జలపాతం పెద్దది, కానీ వాజేడు దాకా వెళ్ళి రావాలంటే భద్రాచలంలో రాత్రి బస కలుపుకుని రెండు రోజులు. పేరంటాలపల్లిది పాపికొండల లాంచీ ప్రయాణంలో ఒక మజిలీ, కొండ నడక కింద లెక్కపెట్టలేం, గోదావరి పెరిగితే లాంచీలే ఆపేస్తారు.

కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళి తీరాలంటే కొత్తపల్లి ఒక్కటే చెప్పగలం, అదీ తుపాను, వాయుగుండం మాటలు లేని రోజున. అక్టోబరు చివరి వారం నుంచి డిసెంబరు మధ్య దాకా అమృతధారకి సాటి లేదు. అప్పటికి నీటి రంగు తేటపడుతుంది, జలగలు తగ్గుతాయి, ధార ఇంకా సన్నబడదు. కటికి ఎక్కువ అందమైనదని ఒప్పుకుంటూనే, డెల్టావాళ్ళు మొదటిసారి వెళ్ళాల్సింది అమృతధారకే అని చెబుతాం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న రోజున ఏ నెలైనా సరే, ఇంట్లో పకోడీలు వేసుకోండి.

ఎక్కడికి వెళ్ళినా, గట్టు చేరగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. పది నిమిషాలకోసారి చూడండి. ఆ రాయి మునిగినా, తేట నీళ్ళు ఎర్రబడినా, ఎండుటాకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు శబ్దం మారినా సామాను కోసం చూడకుండా పైకి ఎక్కేయాలి. దారి వైపు గట్టుకే ఎక్కాలి, అవతలి గట్టుకి ఎక్కితే నీళ్ళు తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. వాన మొదలైతే వాగు తగ్గుతుందేమోనని ఎదురుచూడటం ఫరవాలేదు, దాటేద్దామని తొందరపడటం ప్రాణాంతకం. మోకాలు దాటిన ప్రవాహంలో దిగొద్దు. నడుముకి తాడు కట్టుకుని దాటే పద్ధతి అసలు వద్దు. కాలు జారితే ఆ తాడే మనిషిని నీటి అడుగున పట్టి ఉంచుతుంది.

ఇక ఈత. కాలవలో ఈదినవాళ్ళే ఇక్కడ ఎక్కువ మోసపోతారు. పంట కాలవలో ప్రవాహం ఒకే తీరున పోతుంది, అడుగున బురద, లోతు తెలిసిందే. ధార పడే గుండంలో నురగ నిండా గాలి ఉంటుంది, ఆ నీరు మనిషిని తేల్చదు. పైనుంచి పడే నీరు కిందికి తొక్కుతుంది, అడుగున బండల సందులుంటాయి. పైనుంచి దూకడం మాట అటుంచి, ధార కిందికి వెళ్ళడమే వద్దు. జీన్స్ ప్యాంటు తడిస్తే కాలికి బరువు కట్టినట్టే.

చెప్పుల సంగతి. అరిగిన రబ్బరు స్లిప్పర్లు పాచి మీద సబ్బుబిళ్ళలే. అడుగున గాడులున్న బూట్లు వేసుకుని, ప్యాంటు అంచుని మేజోళ్ళలోకి దోపుకోండి. జలగ పట్టుకుంటే పీకొద్దు, ఉప్పు రాస్తే వదిలేస్తుంది. దోమలకి నిండు చేతుల చొక్కా. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే డాక్టరుకి ఏజెన్సీకి వెళ్ళొచ్చామని తప్పకుండా చెప్పండి. మలేరియా పరీక్ష ముందు చేయించేది ఆ ఒక్క మాటే.