నాలుగున్నరేళ్ల బ్యాటరీ, మల్టీమీటర్ చెప్పిన మాట

హన్మకొండలో మా పాత స్విఫ్ట్‌కు వేయించిన బ్యాటరీకి ఈ నెలతో నాలుగున్నరేళ్లు నిండాయి. దానికి ముందుది ఇరవై నెలలకే చేతులెత్తేసింది. కారు అదే, నడిపే మనిషినీ నేనే. బండి నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా అప్పుడూ ఇప్పుడూ 14.2 వోల్టులే ఇస్తోంది.

మొదటిది కళ్లు మూసుకుని కొన్నాను. దుకాణంలో మూత మీది పచ్చ చుక్క చూపించి "ఫుల్ చార్జ్ ఉన్నదన్నా" అన్నాడు, బిగించేశాడు. ఆ చుక్క బ్యాటరీ లోపలి ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుందని అప్పటికి నాకు తెలియదు. ఆ బ్యాటరీ పోయాక మా ఎలక్ట్రీషియన్ దాని మీది తయారీ కోడ్ చదివి చెప్పాడు, నేను కొనేనాటికే దానికి పదకొండు నెలలట! లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే పెట్టినా కొంచెం కొంచెంగా చార్జ్ దిగిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. వరంగల్ ఎండల్లో రేకుల షెడ్డు కింద ఒక ఎండాకాలం గడిపిందంటే చూసుకోండి. అలా దిగిన చార్జ్‌తోనే నెలలు ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు.

రెండోసారి జేబులో వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టుకుని పోయాను. ముందు చూపించిన దాంట్లో 12.38 వోల్టులే వచ్చింది. "గంటలో నింపి ఇస్తనన్నా" అన్నాడు, వద్దన్నాను. చార్జర్ నుంచి అప్పుడే తీసినది 13 కూడా చూపిస్తుంది, కొన్ని గంటలు ఆగితేగానీ అసలు అంకె తేలదు. మొహం మాడ్చుకునే లోపలి నుంచి ఇంకోటి తెచ్చాడు. 12.68, కోడ్ ప్రకారం ఐదు వారాలది. కోడ్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, చదివి చెప్పమంటే నసిగే చోట నేనైతే కొనను. టెర్మినళ్ల మీద క్లాంపు గీతలు కూడా చూసుకున్నా, ఎవరికో బిగించి వాపసు వచ్చింది కాదు కదా అని. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, సీలు దగ్గరుండి వేయించుకున్నా.

ఇప్పుడు చలికి పొద్దున్నే సెల్ఫ్ కాస్త బరువుగా తిరుగుతోంది. రాత్రంతా ఆగిన బండికి నిన్న 12.4 చూపించింది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.8కి పడింది. సంక్రాంతి ప్రయాణం ముందే మార్చేస్తా. మీటరు డ్యాష్‌బోర్డు డబ్బాలోనే ఉంది.