ఆరు ల్యాపులకే ఆగిన రేసు: తిరుపతి నుంచి ఇరుంగాట్టుకోట్టై, అక్కణ్నుంచి కొండకి

మా మేనల్లుడికి పదిహేనేళ్లు. రాజమండ్రిలో పదో తరగతి చదువుతున్నాడు. క్రికెట్ పట్టదు, హీరోల గొడవ పట్టదు, కార్ల రేసులంటే మాత్రం ప్రాణం. దసరా అయ్యాక ఫోన్ చేసి, "మామా, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసులున్నాయి. మీ చిత్తూరుకి దగ్గరే కదా, తీసుకెళ్తావా?" అన్నాడు. మా అక్కకేమో ఎన్నాళ్లనుంచో కొండకి రావాలని ఉంది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు సోమవారానికి దొరకడంతో రెండు పనులూ ఒక్కసారే కుదిరాయి. ఆదివారం రేసు, సోమవారం స్వామి.

తిరుపతిలో దిగి, అక్కణ్నుంచి రేసు చూసొద్దామనుకునే వాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ముఖ్యంగా కోస్తా పైజిల్లాల నుంచి వచ్చేవాళ్లకి. వాళ్లకి వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. మాకు, పక్కనున్న తమిళనాడుకి అసలు వాన అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే ప్రయాణం మొత్తం తారుమారవుతుంది.

ముందు తిరుపతి బస గురించి. రైల్వే స్టేషన్ ఎదురుగా దేవస్థానం వాళ్ల విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయి. రెండూ శుభ్రంగా ఉంటాయి, ధర తక్కువ, అందుకే మాకు కావలసిన రోజులకి ఎప్పుడో నిండిపోయాయి. స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక మామూలు లాడ్జిలో రెండు రూములు తీసుకున్నాం. లిఫ్టు చిన్నది, గోడలకి రంగు పాతది. కానీ పొద్దున నాలుగింటికి వేడి నీళ్లు అంటే నాలుగింటికే వచ్చేవి. అమ్మా అక్కా అక్కడే ఉండి తిరుచానూరు పోయి వస్తామన్నారు. నేనూ బావా అబ్బాయీ శనివారం మధ్యాహ్నం కారులో బయల్దేరాం.

రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు, అక్కణ్నుంచి ట్రాక్‌కి దగ్గరి ఊరు శ్రీపెరంబుదూరు. దాదాపు 120 కిలోమీటర్లు. పుత్తూరు దాటేటప్పుడు ఎముకల కట్టు కట్టే ఊరు ఇదేనని చూపిస్తే, చేతులకీ కాళ్లకీ కట్లతో బస్సు కోసం నిలబడ్డ వాళ్లని బావ చాలాసేపు చూశాడు. నగరి కొండ ముక్కు ఆకారంలో చాలాదూరం కనిపిస్తూనే ఉంటుంది. రోడ్డు ఊళ్ల మధ్యనుంచి పోతుంది కాబట్టి మూడు గంటలు వేసుకోవాలి. రైలైతే తిరుపతి నుంచి చెన్నై పోయే సప్తగిరిలోనో గరుడాద్రిలోనో తిరువళ్లూరులో దిగి బస్సు పట్టుకోవచ్చు. కానీ ట్రాక్ బెంగళూరు హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది, చివర్లో ఆటో తప్పదు. వానలో ఆ ఆటో దొరకడమే కష్టం.

శ్రీపెరంబుదూరులో ఆ రాత్రి బస మా ప్రయాణంలో అన్నిటికన్నా చేదు. చుట్టూ ఫ్యాక్టరీలు, కంపెనీల పని మీద వచ్చేవాళ్లతో హోటళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. అందుకని ఫోన్లో అడ్వాన్సు పంపి మరీ రూము మాట్లాడుకున్నాం. తీరా పోయాక కౌంటర్లో ఉన్నాయన ఆ రేటు ఇద్దరికేనని, మూడో మనిషికి ఇంకో ఎనిమిది వందలు కట్టమన్నాడు. ముగ్గురం వస్తామని ఫోన్లో స్పష్టంగా చెప్పాను. కట్టాం, రాత్రి తొమ్మిదింటికి ఇంకెక్కడికి పోతాం? మంచం పక్క గోడ చెమ్మెక్కి ఉంది, చెయ్యి పెడితే సున్నం ఊడొచ్చింది. కరెంటు రెండుసార్లు పోయింది, జనరేటరు మీద లైటు వెలిగింది కానీ ఫ్యాను తిరగలేదు. డబ్బు కన్నా, పిల్లాడికి రాత్రంతా నిద్ర లేకపోవడం నాకు బాధనిపించింది. అక్కడ రూము తీసుకునేవాళ్లు ఎంతమందికి, ఎంత, జనరేటరు మీద ఏం పనిచేస్తుంది అన్నవి మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ట్రాక్ చూడగానే ఆ చిరాకంతా పోయింది. దీన్ని మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు కట్టారు, 1990లో మొదలైంది. అంతకు ముందు రేసులు షోళవరంలో విమానాల పాత రన్‌వే మీద జరిగేవి. చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మొదటి భారతీయ ఫార్ములా వన్ డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ తిరిగిన నేల ఇది అని మా వాడు గేటు దాటకముందే చెప్పేశాడు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, ఆటోవాళ్లకి మాత్రం రేస్ ట్రాక్ అంటే చాలు.

పొద్దున ఎండ కాసింది. కార్లు నిలిపే చోటికి కాసేపు వదిలారు. ఒక టెంటు కింద టైర్లు పేర్చి ఉన్నాయి. ఎండలో వాడేది నున్నగా ఉంటుంది, గాడి ఒక్కటి కూడా ఉండదు. అంచున అప్పుడే ట్రాక్ మీద నుంచి అంటుకొచ్చిన రబ్బరు ముక్కలు, నల్లద్రాక్ష ఎండినట్టు. వేలు పెడితే ఇంకా వెచ్చగా ఉంది, జిగురుగా పట్టుకుంది. పక్కనే వాన టైరు, లోతైన గాడులతో. అక్కడి మెకానిక్ ఓపిగ్గా వాడికి చూపించాడు, తమిళంలోనే. వీడికి తమిళం రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. కింద పడి ఉన్న రబ్బరు ముక్క ఒకటి ఆయనే ఏరి మావాడి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి తూర్పు నల్లబడింది. మాకు ఆ మబ్బు తెలుసు. ఉరుము లేకుండా, గాలి ఆగిపోయి, వెలుతురు పసుప్పచ్చగా మారితే అరగంట కూడా పట్టదు. మేం కూర్చున్న చోట పైన కప్పు లేదు. రెయిన్‌కోట్లు తెచ్చుకున్నాం కానీ, వాటి పైనుంచి నీళ్లు మెడలోకి దిగాయి.

పెద్ద రేసు పదిహేను ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ పదిహేను చుట్లు. ప్రమాదం ఉన్నప్పుడు ముందు నడిచి అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వెనకాల మొదలుపెట్టారు. మూడో ల్యాపులో సేఫ్టీ కారు పక్కకి తప్పుకుంది. అప్పుడు చూశాను, మొదటి కారు తప్ప ఇంకేదీ కంటికి ఆనలేదు. మిగతావన్నీ తెల్లటి నీటి పొగలో శబ్దాలే. ఫార్ములా వన్ కోసం పిరెల్లీ అనే టైర్ల కంపెనీ చేసే పూర్తి వాన టైరు గంటకి 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 85 లీటర్ల నీళ్లని తోసేస్తుందట, మావాడు చెప్పాడు. ఇక్కడి కార్లకి అంత వేగం లేదు. కానీ ముందు టైరు ఎత్తిపోసిన నీళ్లు వెనక వచ్చేవాడి కళ్లల్లోనే కదా పడేది. పైగా నీళ్లు నిలిచిన చోట టైరుకీ నేలకీ మధ్య నీటి పొర చేరితే స్టీరింగు ఎటు తిప్పినా కారు తన దారినే పోతుంది. ఐదో ల్యాపులో ఒకటి అలాగే తిరిగి తిరిగి గడ్డిలోకి పోయింది. డ్రైవరు దిగి నడుచుకుంటూ వచ్చాడు, అందరం చప్పట్లు కొట్టాం. ఆరో ల్యాపు అయ్యాక ఎర్ర జెండాలు ఊపి రేసు ఆపారు.

తర్వాత నలభై నిమిషాలు నేను చూసింది మర్చిపోలేను. నారింజ రంగు కోట్లేసుకున్న మార్షల్స్, అంటే ట్రాక్ భద్రత చూసేవాళ్లు, పొడుగు చీపుళ్లతో మలుపులో నీళ్లు తోస్తూనే ఉన్నారు. తోసినంత సేపు నల్లగా రోడ్డు కనిపించేది, ఆగగానే మళ్లీ అద్దంలా నిండిపోయేది. వాళ్లలో కాలేజీ పిల్లల వయసు వాళ్లు కూడా ఉన్నారు. చివరికి మైకులో రేసు ముగిసిందని, ఆగక ముందు పూర్తయిన ల్యాపు ప్రకారమే స్థానాలని చెప్పారు.

"ఏరా, ఇంత దూరం వచ్చి ఆరు రౌండ్లా?" అన్నాడు బావ. వెనకాల ఎవరో డబ్బులు దండగన్నారు. మావాడు మాత్రం ఏమీ అనలేదు. కారు దగ్గరికి నడుస్తూ వాళ్ల నాన్నకి నెమ్మదిగా చెప్పాడు. ఫార్ములా వన్‌లో 1991లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో వానకి 14 ల్యాపులకే లెక్క కట్టి సెన్నా అనే డ్రైవర్ని గెలిపించారట. 2009లో మలేషియాలోని సెపాంగ్‌లో 56 ల్యాపుల రేసుని ఆపేసి 31 ల్యాపులకే లెక్క కట్టారట. 2021 ఆగస్టులో బెల్జియంలోని స్పాలో గంటలకొద్దీ ఎదురుచూసి, సేఫ్టీ కారు వెనకాల మూడు చుట్లు తిప్పి సగం పాయింట్లు ఇచ్చేశారట. అక్కడ తడిసిన జనానికి డబ్బులు తిరిగివ్వాలని ఆ రేసులో ఉన్న డ్రైవర్ హామిల్టనే అన్నాడట. ఇవన్నీ చెప్పి, ఆఖర్న 2014లో జపాన్‌లోని సుజుకా సంగతి చెప్పాడు. వానలో జూల్స్ బియాంకీ అనే డ్రైవర్ కారు జారి, అప్పటికే జారిపోయిన ఇంకో కారుని లాగుతున్న ట్రాక్టరుకి గుద్దుకుంది. తలకి దెబ్బ. 2015 జూలైలో చనిపోయాడు, పాతికేళ్లకి. అది చెప్పాక బావ రౌండ్ల మాట ఎత్తలేదు. నా మటుకు నాకు, ఆ రోజు ఆపేసినవాళ్లు సరిగ్గా చేశారు. టికెట్టు కొన్నవాణ్ని కాబట్టే గట్టిగా అంటున్నాను.

తిరుగు దారి దగ్గర తప్పు మాదే. హైవే మీద కాంచీపురం, రాణిపేట మీదుగా చిత్తూరు పోయి తిరుపతి చేరొచ్చు. చుట్టు ఎక్కువే కానీ రోడ్డు వెడల్పు. దగ్గర కదా అని వచ్చిన దారే పట్టాం. తిరుత్తణి దాటేసరికి వైపర్లు ఎంత కొట్టినా అద్దం తేటపడలేదు, ఎదుటి లారీ లైట్లు రెండు మసక చుక్కలు. "కారు పక్కకి తియ్యి. పొద్దునైనా పర్లేదు," అన్నాడు బావే. నగరి దగ్గర రేకుల షెడ్డు కింద టీ కొట్టు ఉంటే ఆగాం. కొట్టాయన మా బండి నంబరు చూసి, "మన చిత్తూరోళ్లేనా సామీ? ముందర రోడ్డు మింద నీళ్లు పారతా ఉండాయి, తగ్గినాక పోదురు గానీ, రాండి," అని బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. తడిసిపోయిన మావాడికి తన తువ్వాలు ఇచ్చాడు. బొరుగులు, మిరపకాయ బజ్జీలు, మూడేసి టీలు. గంటన్నర కూర్చుంటే మంచాన్ని కూడా వాడుకోమన్నాడు. డబ్బులు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. ముందురోజు రాత్రి ఎనిమిది వందలు కట్టినచోటికన్నా ఆ బల్ల మీద మాకు సుఖంగా ఉంది.

తిరుపతి చేరేసరికి పదకొండున్నర. లాడ్జి కుర్రాడు మేలుకునే ఉన్నాడు. అడక్కుండానే బకెట్టు వేడి నీళ్లు, పాత పేపర్ల కట్ట తెచ్చి, "బూట్లల్లో కుక్కండి అన్నా, పొద్దుటికి ఆరిపోతాయి," అన్నాడు. ఆరాయి.

సోమవారం కొండకి సొంత కారు తియ్యలేదు, ఆర్టీసీ బస్సెక్కాం. వాన రోజుల్లో నేను ఎవరికైనా ఇదే చెప్తాను. ఘాట్‌లో రాళ్లు జారే ప్రమాదం ఉంటుంది. 2021 డిసెంబరులో పెద్ద బండలు పడి ఎక్కే రోడ్డే దెబ్బతింది. రోజూ ఆ మలుపులు తిప్పే డ్రైవర్లకి ఎక్కడ నెమ్మదించాలో తెలుసు. అలిపిరి దాటాక మావాడికి ఒక సంగతి చెప్పాను. ఇక్కడ సొంత బండిలో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నిబంధన. ముందే చేరితే జరిమానా. "ముందు వస్తే ఫైనా!" అని కిటికీలోంచి ప్రతి మలుపూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. దర్శనం తృప్తిగా జరిగింది. అక్క కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అంతకన్నా రాయడానికి నాకు మాటలు లేవు.

మంగళవారం వాన తెరిపిచ్చింది. కపిలతీర్థంలో జలపాతం నిండుగా దూకుతోంది. అలాంటప్పుడు కోనేట్లోకి దిగనివ్వరు, గట్టు మీద నిలబడితేనే తుంపర ముఖాన కొడుతుంది. మొత్తం తిరుపతిలో వానాకాలం చూడాల్సిన చోటు ఇదే. చంద్రగిరి కోట మధ్యాహ్నం చూశాం. రాజమహల్లో మ్యూజియం బాగుంది, గంటన్నర చాలు, శుక్రవారం మాత్రం పోకండి, సెలవు. బావ తలకోన కూడా అడిగాడు. 270 అడుగుల జలపాతం, చూడాల్సిందే, కానీ రెండు రోజులు గట్టిగా కురిసిన వెంటనే అడవి దారిలో పిల్లలతో వద్దన్నాను.

స్టేషన్లో రైలెక్కేటప్పుడు అక్క కొడుకు చొక్కా జేబులు తడిమి, నల్లటి ముక్కేదో పారెయ్యబోయింది. మావాడు గబుక్కున లాక్కుని పర్సులో పెట్టుకున్నాడు. బావ కిటికీ దగ్గర నుంచి, "మళ్లీ రేసుకి శనివారం రాత్రి తిరుపతిలోనే పడుకుందాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే సరి. పోయేటప్పుడు నగరిలో టీ తాగుదాం," అన్నాడు.