సింగిల్ బాండ్ యూనివర్సల్: ఫిల్లింగ్ అంచు దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

పంటి రంగు ఫిల్లింగ్ పెట్టిన కొన్నాళ్లకే పన్ను జివ్వుమంటున్నా, అంచు చుట్టూ గోధుమరంగు గీత పడుతున్నా ముందు అనుమానించాల్సింది ఫిల్లింగ్ అడుగున పూసిన బాండ్‌నే, అంటే ఫిల్లింగ్‌ను పంటికి అతికించే ద్రవాన్నే. కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) లైటు తగిలి గట్టిపడేటప్పుడు 2-3 శాతం దాకా కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకి పట్టు తక్కువున్న చోట అంచు వదిలేస్తుంది. ఆ సందులోంచి లాలాజలం, బ్యాక్టీరియా లోపలికి దిగుతాయి.

త్రీఎం కంపెనీ తెచ్చిన సింగిల్ బాండ్ యూనివర్సల్ ఒకే సీసాలో వస్తుంది. 2024లో ఆ కంపెనీ ఆరోగ్య విభాగం సోల్వెంటమ్ పేరుతో విడిపోయాక ఇది దాని చేతికి వెళ్లింది. ఇందులో అసలు పనిచేసేది 10-ఎండీపీ అనే రసాయనం. పంటిలోని కాల్షియంతో అది రసాయనికంగా ముడిపడుతుంది. దీని పీహెచ్ సుమారు 2.7, అంటే ఆమ్లగుణం తక్కువ. డెంటిన్‌కు (పంటి లోపలి పొరకు) అది మేలే, ఎనామెల్‌కు (పైనున్న గట్టి పొరకు) మాత్రం చాలదు. ఎచింగ్ (యాసిడ్‌తో పంటిని గరుకు చేయడం) అక్కర్లేదన్న మాట నమ్మి ఎనామెల్ అంచు మీద కూడా ఉత్త బాండే రాస్తే, రంగు గీతలు మొదలయ్యేది అక్కడే. సెల్ఫ్ ఎచ్ పద్ధతిలో, అంటే డెంటిన్‌కు విడిగా యాసిడ్ పెట్టకుండా వాడినా సరే, ఎనామెల్ అంచుకి యాసిడ్ జెల్ పెట్టి తీరాలి.

ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌ను ఎనామెల్ మీద మాత్రమే 15 సెకన్లు ఉంచి, బాగా కడిగి, ఎనామెల్ సుద్దలా తెల్లబడేదాకా ఆరబెట్టాలి. డెంటిన్‌ను మాత్రం ఎండగొట్టకూడదు. జెల్ పొరపాటున దాని మీదికి జారితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. యాసిడ్ తిన్న డెంటిన్‌లో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఎండి అణిగిపోతే బాండ్ లోపలికి ఇంకదు. తర్వాత కొత్త మైక్రోబ్రష్‌తో బాండ్‌ను 20 సెకన్లు రుద్దాలి. పూసి వదిలేయడం రుద్దడం కిందికి రాదు. ఆ మీద మెల్లగా 5 సెకన్లు గాలి కొట్టాలి. మొదట ద్రవం అలలుగా కదులుతుంది. కదలిక పూర్తిగా ఆగి పల్చటి మెరుపు మిగిలితేనే బాండ్‌లోని ఆల్కహాల్, నీళ్లు పోయినట్టు. చివరగా 10 సెకన్లు లైటు. కాంపోజిట్ ఒక్కో పొర 2 మిల్లీమీటర్లు దాటకూడదు.

చాలా పళ్లు చెడేది గాలి దగ్గరే. కంప్రెసర్ లైనులో నీళ్లో నూనో ఉంటే ఎంత ఖరీదైన బాండూ నిలవదు. ముందుగా గాలిని అద్దం మీద కొట్టి చూస్తే మరక తెలిసిపోతుంది. బాండ్ చుక్కను డిష్‌లో ముందే పోసి పెట్టుకోవడం ఇంకో చెడ్డ అలవాటు. మన ఎండాకాలంలో ఆల్కహాల్ చూస్తుండగానే ఆవిరై బాండ్ చిక్కబడుతుంది. రుద్దబోయే ముందే పోసి, మూత వెంటనే బిగించాలి. లైటు పెట్టకముందే ఉమ్మో రక్తమో తగిలితే తుడిచేసి సరిపెట్టకుండా కడిగి, ఆరబెట్టి, మళ్లీ రాయాలి. పన్ను చుట్టూ తడి రాకుండా అడ్డుపెట్టే రబ్బర్ డ్యామ్ వేస్తే ఈ తిప్పలే ఉండవు. యూజినాల్ (లవంగ నూనెలోని పదార్థం) ఉన్న తాత్కాలిక ఫిల్లింగ్ మిగులు గోడలకి అంటుకుని ఉన్నా బాండ్ సరిగా గట్టిపడదు.

ఈ సీసాతో నాకున్న ఫిర్యాదు ఒకటుంది. మూలల్లో బాండ్ మడుగు కడితే ఎక్స్‌రేలో నల్లగీతలా కనిపించి, ఫిల్లింగ్ కింద మళ్లీ పుచ్చిందేమోనన్న అనుమానం తెస్తుంది. బాగున్న ఫిల్లింగ్‌ను తవ్వేసే ప్రమాదం ఉంది. తర్వాత వచ్చిన ప్లస్ రకం ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది కాబట్టి కొత్తగా కొనేవారు అదే తీసుకోవడం మంచిది. పింగాణీకి పట్టు ఇచ్చే సైలేన్‌ను సీసాలోనే కలిపామంటారు గానీ, నీళ్లూ ఆమ్లమూ ఉన్న ద్రవంలో సైలేన్ ఎక్కువకాలం నిలవదు. పింగాణీకి విడిగా సైలేన్ రాయాల్సిందే.

అంచు చిగురు కిందికి, ఎనామెల్ లేని వేరు మీదికి దిగితే ఈ సీసా నా మొదటి ఎంపిక కాదు. ఒకే సీసా బాండ్లు గట్టిపడ్డాక కూడా కొంత నీటిని పీలుస్తాయి. 1995లో సానో బృందం వెండి నైట్రేట్‌తో చూపించిన నానోలీకేజీ ఇలాంటిదే: అంచులో సందు కనిపించకపోయినా బాండ్ పొర అడుగున ద్రవం చొరబడుతుంది. అక్కడ కురారే వారి క్లియర్‌ఫిల్ ఎస్ఈ బాండ్ మేలు. దాని ప్రైమర్‌ను (ముందుగా రాసే మొదటి సీసా ద్రవాన్ని) 20 సెకన్లు ఉంచి, గాలితో ఆర్చి, నీళ్లు లేని రెండో సీసా రెజిన్ పూసి 10 సెకన్లు లైటు పెట్టాలి. రక్తం ఆగక పొడిగా ఉంచడం కుదరకపోతే ఏ బాండ్‌నూ నమ్ముకోవద్దు. కాస్త తేమను ఓర్చుకునే గ్లాస్ అయనోమర్ అనే సిమెంట్‌ను అడుగున పెట్టి, పైన కాంపోజిట్ వేయడమే నయం.